537 ఓట్ల తేడాను పటంపై చదవడం: ఒక ఎన్నికల పటాల సేవపై సమీక్ష

అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలను రాష్ట్రాలవారీగా, కౌంటీలవారీగా (కౌంటీ అంటే రాష్ట్రంలోని జిల్లా లాంటి విభాగం) పటాల రూపంలో చూపించే ఒక అంతర్జాల సేవకు నేను గత ఏడాది చందా కట్టాను. 1788-89 నాటి తొలి ఎన్నిక మొదలుకొని 2024 వరకు జరిగిన 60 ఎన్నికలూ అందులో ఉన్నాయి. నేను పాల్గొనే ఒక చరిత్ర అధ్యయన బృందంలో, స్వల్ప ఆధిక్యంతో తేలిన అధ్యక్ష ఎన్నికలు దేశ చరిత్రను ఏ దారి పట్టించాయో వరుసగా కొన్ని పాఠాలు చెప్పే బాధ్యత నాకు వచ్చింది. పుస్తకాల్లోని పట్టికలతో ఆ విషయాన్ని వివరించబోతే వినేవారికి అంకెలు తప్ప వాటి వెనుక ఉన్న భూగోళం కనిపించడం లేదని గ్రహించి ఈ సేవను ఎంచుకున్నాను. ఏడాది పాటు దాదాపు ప్రతి వారం వాడిన తరువాత, దీని బలం ఎక్కడ ఉందో, ఇది ఎక్కడ పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుందో వివరంగా రాయడం అవసరమనిపించింది.

మొదట దీనిలోని అత్యుత్తమ భాగం గురించి చెప్పాలి. మామూలు ఎన్నికల పటంలో గెలిచిన పార్టీ రంగు రాష్ట్రమంతా పరుచుకుంటుంది. ఒక రాష్ట్రాన్ని పది లక్షల ఓట్లతో గెలిచినా, పది ఓట్లతో గెలిచినా రంగులో తేడా ఉండదు. ఈ సేవలో ‘ఆధిక్యం’ అనే మీట నొక్కితే ఆ ఏకరూపత తొలగిపోయి, తేడా తగ్గేకొద్దీ రంగు పలచబడుతుంది. 2000 నాటి పటాన్ని తెరిచి ఈ మీట నొక్కినప్పుడు ఫ్లోరిడా దాదాపు తెల్లగా మారుతుంది. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే, జార్జ్ బుష్‌కు ఆల్ గోర్ కంటే అధికంగా వచ్చినట్లు ధ్రువీకరించినవి 537 ఓట్లు. ఆ ఓట్లతో ఫ్లోరిడాకున్న 25 మంది ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునే ప్రతినిధులు) బుష్ వైపు వెళ్లారు, 271 ఎలక్టోరల్ ఓట్లతో ఆయన అధ్యక్షుడయ్యారు. గెలుపుకు కావలసినవి 270. దేశం మొత్తం మీద గోర్‌కు 5 లక్షల 40 వేలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయన్న సంగతి అదే పటం కింద చిన్న వరుసలో కనిపిస్తుంది.

నేను ఎక్కువగా మెచ్చుకున్న విషయం ఏమిటంటే, ఈ పటం ఫ్లోరిడా దగ్గరే ఆగిపోదు. న్యూ మెక్సికో కూడా తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గోర్ గెలిచింది 366 ఓట్లతోనే. అంతకన్నా ముఖ్యంగా న్యూ హాంప్‌షైర్ లేత రంగులో ఉంటుంది. అక్కడ బుష్ ఆధిక్యం 7,211 ఓట్లు, ఎలక్టర్లు నలుగురు. ఆ నలుగురు గోర్ పక్షాన ఉండి ఉంటే ఫ్లోరిడా ఎటు పోయినా ఫలితం మారేది. ఆ శీతకాలంలో ప్రపంచమంతా ఫ్లోరిడా బ్యాలెట్ పత్రాలనే చూస్తూ ఉండిపోయింది కనుక చాలామందికి ఈ చిన్న రాష్ట్రం గుర్తే ఉండదు. నేను ఎన్నిసార్లు మాటల్లో చెప్పినా అందని ఈ సంగతి పటం చూడగానే బృందంలోని వారందరికీ అందింది.

ఫ్లోరిడాను కౌంటీల స్థాయికి పెద్దది చేసి చూస్తే పామ్ బీచ్ కౌంటీ దగ్గర ఒక వివరణ తెరుచుకుంటుంది. రెండు పుటల మీద ఎదురెదురుగా పేర్లు, మధ్యలో గుచ్చవలసిన రంధ్రాలు ఉన్న ఆ బ్యాలెట్ నమూనా వల్ల గోర్‌కు వేయాలనుకున్న వారు మరో అభ్యర్థి పాట్ బుకానన్‌కు వేశారన్న వివాదాన్ని, అక్కడ బుకానన్‌కు పడిన 3,407 ఓట్లను అది చక్కగా వివరిస్తుంది. మొదటి లెక్కలో 1,784గా ఉన్న ఆధిక్యం యంత్రాలతో తిరిగి లెక్కించగానే కొన్ని వందలకు పడిపోవడం, విదేశాల నుంచి వచ్చిన తపాలా ఓట్లతో మళ్లీ పెరగడం, చివరకు 537 దగ్గర నిలవడం, డిసెంబర్ 12న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో చేతితో లెక్కించడం ఆగిపోవడం కాలక్రమంలో ఉన్నాయి. ఇందులో ఒక విషయం నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకుంది. 2001లో పత్రికా సంస్థలు కలిసి, యంత్రాలు తిరస్కరించిన సుమారు 1,75,000 బ్యాలెట్లను పరిశీలింపజేసిన ఫలితాన్ని ఈ సేవ దాచకుండా, వక్రీకరించకుండా ఇచ్చింది. గోర్ కోరినట్లుగా నాలుగు కౌంటీల్లో మాత్రమే తిరిగి లెక్కించి ఉంటే బుష్ ఆధిక్యమే నిలిచేదని, రాష్ట్రమంతటా తిరస్కరించిన బ్యాలెట్లన్నిటినీ లెక్కించి ఉంటే గోర్ అతి స్వల్పంగా ముందుండేవారని ఆ పరిశీలనలో తేలింది. ఆధిక్యం ఇంత చిన్నదైనప్పుడు ‘నిజమైన అంకె’ అనేది ఒక్కటిగా ఉండదనీ, ఏ బ్యాలెట్‌ను ఓటుగా గుర్తించాలన్న నియమాన్ని బట్టి విజేత మారతాడనీ ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ అమెరికా చరిత్రలో మరొకటి నాకు తెలియదు.

ఇక ఈ సేవకు పేరు తెచ్చిన భాగం ‘ఓట్ల మార్పిడి’ అనే లెక్కింపు పరికరం. ఒక ఎన్నికను ఎంచుకుంటే, అతి తక్కువ ఓట్లతో ఫలితాన్ని తారుమారు చేయగల రాష్ట్రాలను అదే వెతికి చూపిస్తుంది. మనం స్లైడర్ జరుపుతూ ఎలక్టోరల్ లెక్క ఎలా మారుతుందో చూడవచ్చు. 1960ని ఎంచుకుంటే ఇలినాయ్, టెక్సాస్ వెలుగుతాయి. ఇలినాయ్‌లో జాన్ కెనెడీ ఆధిక్యం 8,858, టెక్సాస్‌లో 46 వేల పైచిలుకు. ఈ రెండు రాష్ట్రాల 51 మంది ఎలక్టర్లు చేతులు మారి ఉంటే, 219 దగ్గర నిలిచిన రిచర్డ్ నిక్సన్‌కు 270 వచ్చేవి. నాటి మొత్తం 537 ఎలక్టోరల్ ఓట్లలో గెలుపుకు 269 చాలు. 1976ను ఎంచుకుంటే ఓహాయో, హవాయి కనిపిస్తాయి. ఓహాయోలో జిమ్మీ కార్టర్ ఆధిక్యం 11,116 ఓట్లు, హవాయిలో ఏడు వేల చిల్లర. ఆ రెండూ జెరాల్డ్ ఫోర్డ్ గెలిచి ఉంటే ఆయనకు 270 ఎలక్టర్లు ఉండేవారు. అయితే వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఒక రిపబ్లికన్ ఎలక్టర్ ఫోర్డ్‌కు బదులు రొనాల్డ్ రీగన్‌కు ఓటు వేసిన సంగతిని కూడా ఈ పరికరం పరిగణనలోకి తీసుకుని, ఫోర్డ్ 269 దగ్గర ఆగిపోయే అవకాశాన్ని గుర్తుచేస్తుంది. ఇంతటి శ్రద్ధ ఇలాంటి సేవల్లో అరుదు.

కానీ ఇదే పరికరంలో నాకు గట్టి అభ్యంతరాలు రెండు ఉన్నాయి.

మొదటిది పదాల వాడకానికి సంబంధించినది. ఒక రాష్ట్రంలో ఆధిక్యం వేరు, ఫలితం మారడానికి మనసు మార్చుకోవలసిన ఓటర్ల సంఖ్య వేరు. ఒక ఓటరు ఒక అభ్యర్థి నుంచి మరొకరి వైపు వెళితే తేడా రెండు ఓట్లు తగ్గుతుంది. 2016లో మిషిగన్‌లో 10,704, విస్కాన్సిన్‌లో 22,748, పెన్సిల్వేనియాలో 44,292 ఓట్ల ఆధిక్యంతో డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. మూడూ కలిపితే 77,744. హిల్లరీ క్లింటన్‌కు దేశవ్యాప్తంగా 28 లక్షలకు పైగా ఓట్లు అధికంగా వచ్చినా ఈ మూడు రాష్ట్రాల 46 మంది ఎలక్టర్లే ఫలితాన్ని నిర్ణయించారు. 2020లో ఆరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్ల తేడాతో జో బైడెన్ గెలిచారు. మొత్తం 42,918. ఆ మూడూ ట్రంప్ వైపు ఉండి ఉంటే ఎలక్టోరల్ ఓట్లు 269-269గా సమానమై, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు లెక్కన అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభ అధ్యక్షుణ్ణి ఎన్నుకోవలసి వచ్చేది. ఈ పరికరం 2016కు ఆధిక్యాల మొత్తాన్ని చూపించి, 2020కి అందులో సగాన్ని, అంటే సుమారు ఇరవై ఒకటిన్నర వేల అంకెను చూపిస్తుంది. రెండింటికీ పెట్టిన పేరు మాత్రం ఒకటే. వాటిని పక్కపక్కన పెట్టి చూసేవారు 2020 ఎన్నిక 2016 కంటే మూడున్నర రెట్లు దగ్గరగా సాగిందని అనుకుంటారు. నిజానికి ఒకే కొలతతో చూస్తే ఆ నిష్పత్తి రెండు రెట్లకు కొంచెం తక్కువ. రాజకీయ ఉద్వేగాలు ఇంత తీవ్రంగా ఉన్న రెండు ఎన్నికల విషయంలో ఇలాంటి పొరపాటు ఉండకూడదు.

రెండవ అభ్యంతరం మరింత లోతైనది. స్లైడర్ జరిపితే ఓట్లు పూసల్లా అటునుంచి ఇటు కదులుతాయి. అసలు ఎన్నికలో ఏ ఓటూ అలా ఒంటరిగా కదలదు. ఇలినాయ్‌లో తొమ్మిది వేల మందిని కదిలించే కారణం ఏదైనా ఉంటే అది పక్కనున్న మిసోరినీ, మిషిగన్‌నూ కూడా ఎంతో కొంత తాకుతుంది. 2000లో ఫ్లోరిడాలో మూడో పక్షం అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు 97,488 ఓట్లు పడ్డాయి కనుక ఆయన పోటీలో లేకపోతే గోర్ గెలిచేవారని పరికరం ఒక్క నొక్కుతో తేల్చేస్తుంది. ఆ వాదనకు బలం ఉందని నేనూ నమ్ముతాను. కానీ నేడర్ లేని ఎన్నికలో ప్రచారం కూడా వేరుగా సాగి ఉండేదన్న ఒక్క వాక్యమైనా అక్కడ ఉండాలి. మొదటి పాఠంలో నా శ్రోతలు ఈ స్లైడర్‌తో చరిత్రను ఎన్ని రకాలుగానైనా మార్చవచ్చన్న ఉత్సాహంలో పడిపోయారు. వారిని వెనక్కి తెచ్చి, అసలు ఆ కొద్ది ఓట్లకు అంత శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచింపజేయడానికి నాకు మరో రెండు పాఠాలు పట్టింది. ఆ శక్తి రాష్ట్రంలో గెలిచినవారికే ఎలక్టర్లందరినీ ఇచ్చే పద్ధతిలో ఉంది, లెక్కింపుకు చట్టం పెట్టిన గడువుల్లో ఉంది, ఎవరు లెక్కించాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాల్లో ఉంది. ఈ సేవ ఓట్లను చూపినంత శ్రద్ధగా ఈ నియమాలను చూపదు.

ఈ లోపం అన్నిటికంటే ఎక్కువగా 1876 పటంలో బయటపడుతుంది. ఆ ఏడాది డెమోక్రటిక్ అభ్యర్థి శామ్యూల్ టిల్డెన్‌కు ప్రజల ఓట్లలో సగానికి పైగా వచ్చాయి, 184 మంది ఎలక్టర్లు నిర్వివాదంగా ఆయనవారే. గెలుపుకు కావలసినవి 185. ఫ్లోరిడా, లూసియానా, సౌత్ కరోలినా నుంచి రెండేసి ఫలిత పత్రాలు వచ్చాయి, ఒరెగాన్‌లో ఒక ఎలక్టర్ అర్హతపై వివాదం రేగింది. మొత్తం 20 ఓట్లు ఎవరివో తేలలేదు. సెనేట్ నుంచి ఐదుగురు, ప్రతినిధుల సభ నుంచి ఐదుగురు, సుప్రీంకోర్టు నుంచి ఐదుగురు న్యాయమూర్తులతో 15 మంది కమిషన్‌ను అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఏర్పాటు చేసింది. ఏ పార్టీకీ చెందనివాడిగా పేరున్న న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ అందులో ఉంటారని అందరూ అనుకున్నారు, కానీ ఇలినాయ్ శాసనసభ ఆయనను సెనేట్‌కు ఎన్నుకోవడంతో ఆయన తప్పుకున్నారు. ఆ స్థానంలోకి రిపబ్లికన్ అయిన న్యాయమూర్తి జోసెఫ్ బ్రాడ్లీ వచ్చారు. కమిషన్ ప్రతి వివాదాన్నీ 8-7తో రిపబ్లికన్ల పక్షాన తేల్చింది, ఆ పార్టీ అభ్యర్థి రూథర్‌ఫర్డ్ హేస్ 185-184తో అధ్యక్షుడయ్యారు. కొత్త పదవీకాలం మొదలు కావడానికి రెండు రోజుల ముందు, 1877 మార్చి 2 తెల్లవారుజామున లెక్కింపు ముగిసింది.

సేవలోని పటం ఈ మూడు రాష్ట్రాలకూ మామూలు రంగే వేసి, సౌత్ కరోలినాలో హేస్ ఆధిక్యం 889 ఓట్లని రాసి ఊరుకుంటుంది. ఆ 889ని 2000 నాటి 537తో సమానంగా చదవమని పాఠకునికి చెప్పడం సరికాదు. 1876 వేసవిలో అదే రాష్ట్రంలోని హాంబర్గ్‌లో నల్లజాతివారిని హతమార్చారు. ఆయుధాలు పట్టిన బృందాలు నల్లజాతి ఓటర్లను పోలింగ్‌కు రాకుండా భయపెట్టాయి, రెండు పార్టీలూ ఫలిత పత్రాలను తమకు అనుకూలంగా మలచుకోవాలని చూశాయి. అక్కడి అంకె జనాభిప్రాయానికి కొలత కాదు, హింసకూ లెక్కింపు అధికారానికీ మధ్య మిగిలిన శేషం. ఆ తరువాత జరిగినది ఇంకా ముఖ్యం. హేస్ పదవిలోకి వచ్చిన కొన్ని వారాల్లోనే, 1877 ఏప్రిల్‌లో, సౌత్ కరోలినా, లూసియానా శాసనసభా భవనాల దగ్గరున్న ఫెడరల్ సైన్యాన్ని ఉపసంహరించారు. అంతర్యుద్ధం తరువాత దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పౌరుల హక్కులకు అండగా నిలిచిన పునర్నిర్మాణ కాలం అంతటితో ముగిసింది. వారి ఓటు హక్కుకు సమర్థమైన రక్షణ చట్టం రావడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది. స్వల్ప ఆధిక్యం చరిత్రను ఎలా మలుస్తుందో చెప్పదలచుకున్న ఏ సేవకైనా ఇది కేంద్ర ఉదాహరణ కావాలి. దీనికి ఇక్కడ దక్కినది రెండు వాక్యాలు. ఆ ఏడాది ఆగస్టులోనే రాష్ట్రంగా చేరిన కొలరాడో ప్రజల ఓటు లేకుండా శాసనసభ ద్వారానే ముగ్గురు ఎలక్టర్లను ఎంపిక చేసిందని, ఆ ముగ్గురూ హేస్‌కే వేశారని పటంలో సరిగ్గా గుర్తించారు. అంత సూక్ష్మమైన వివరాన్ని పట్టుకున్నవారు అంత పెద్ద విషయాన్ని వదిలేయడం నాకు బాధ కలిగించింది.

చారిత్రక వ్యాఖ్యానాల్లో మిగిలినవి మెరుగ్గానే ఉన్నాయి. 1884లో న్యూయార్క్ రాష్ట్రాన్ని గ్రోవర్ క్లీవ్‌లాండ్ సుమారు పదకొండు వందల ఓట్లతో గెలిచి అధ్యక్షుడైన తీరును, ఎన్నికకు ముందు వారంలో ఒక మతాచార్యుడు కాథలిక్కులను నొప్పించేలా మాట్లాడినప్పుడు ప్రత్యర్థి జేమ్స్ బ్లెయిన్ వెంటనే ఖండించకపోవడం వల్ల కలిగిందని చెప్పే నష్టాన్ని క్లుప్తంగా ఇచ్చారు. 1916 పుటలో కాలిఫోర్నియాను వుడ్రో విల్సన్ నాలుగు వేల లోపు ఓట్లతో గెలవడం, అక్కడి 13 మంది ఎలక్టర్లు లేకుంటే ప్రత్యర్థి చార్ల్స్ ఇవాన్స్ హ్యూస్ అధ్యక్షుడయ్యేవారన్న లెక్క, ప్రచార సమయంలో హ్యూస్ లాంగ్ బీచ్‌లో ఒకే హోటల్లో ఉండి కూడా కాలిఫోర్నియా గవర్నర్ హైరం జాన్సన్‌ను కలవకపోవడం ఉన్నాయి. దేశాన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి దూరంగా ఉంచినవాడన్న నినాదంతో గెలిచిన విల్సన్ 1917 ఏప్రిల్‌లో యుద్ధ ప్రకటన కోరవలసి వచ్చింది. హ్యూస్ గెలిచినా యుద్ధం తప్పేదని చెప్పలేమని, యుద్ధానంతర ఒడంబడికపై సెనేట్‌తో సాగిన పోరాటం మాత్రం మరోలా ఉండవచ్చని వ్యాఖ్యాత రాశారు. ఇక్కడ చూపిన సంయమనాన్ని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

1960 పుట గురించి ఒక మంచి మాట, ఒక ఫిర్యాదు. హవాయిలో మొదట నిక్సన్ 141 ఓట్లతో గెలిచినట్లు ధ్రువీకరించారు. రీకౌంటింగ్ ముగియకముందే రెండు పార్టీల ఎలక్టర్లూ సమావేశమై ఓట్లు వేశారు. తరువాత కెనెడీకి 115 ఓట్ల ఆధిక్యం తేలింది. 1961 జనవరి 6న కాంగ్రెస్ ఉమ్మడి సమావేశానికి ఉపాధ్యక్షుని హోదాలో అధ్యక్షత వహించిన నిక్సన్, తన ప్రత్యర్థికి అనుకూలమైన ఆ రెండో ధ్రువీకరణను ఆమోదించారు. ఈ ఘట్టాన్ని చక్కగా రాశారు. ఫిర్యాదు అలబామాకు సంబంధించినది. అక్కడ ఓటర్లు ఎలక్టర్లను విడివిడిగా ఎన్నుకున్నారు. డెమోక్రటిక్ జాబితాలోని 11 మందిలో ఐదుగురు మాత్రమే కెనెడీకి కట్టుబడినవారు, ఆరుగురు ఎవరికీ కట్టుబడనివారు. ఆ ఓట్లను ఎలా పంచాలన్న దాన్ని బట్టి దేశవ్యాప్త ప్రజల ఓట్లలో కెనెడీకి ఉన్నట్లు చెప్పే సుమారు 1,13,000 ఆధిక్యం కరిగిపోయి నిక్సనే ముందుంటారు. సేవలో ఆ ఒక్క అంకె ఏ వివరణా లేకుండా నిలబడి ఉండేది. నేను ఉత్తరం రాసిన రెండు నెలలకు కింద చిన్న గమనిక చేర్చారు. ఆలస్యమైనా స్పందించారు.

వాడుక సౌలభ్యం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కంప్యూటర్‌లో పటాలు త్వరగా తెరుచుకుంటాయి. ఫోన్‌లో కౌంటీల స్థాయి పటం నెమ్మదిగా కదులుతుంది, చిన్న కౌంటీలపై వేలు సరిగ్గా పడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వారి కోసం వేరే రంగుల జత ఉంది. అంకెలను పట్టికగా దింపుకునే సౌకర్యం చందాదారులకే పరిమితం. ఒకసారి పాఠం మధ్యలో సేవ గంటసేపు నిలిచిపోయింది. అప్పటి నుంచి పటాలను ముందే చిత్రాలుగా భద్రపరచుకుంటున్నాను.

ఇతర దేశాల అధ్యక్ష ఎన్నికలకు ఒక విభాగం ఉంది కానీ అది ఇంకా పలచగా ఉంది. 2022లో దక్షిణ కొరియాలో యూన్ సుక్ యోల్ 0.73 శాతం తేడాతో, అంటే 2,47,077 ఓట్లతో లీ జే మ్యుంగ్‌పై గెలిచారు. 2024 డిసెంబర్ 3న సైనిక పాలన ప్రకటించి, 2025 ఏప్రిల్‌లో పదవి కోల్పోయారు, జూన్‌లో జరిగిన ఎన్నికలో అదే లీ గెలిచారు. పెరూలో 2021లో పెద్రో కాస్తియో గెలిచినది 44 వేల పైచిలుకు ఓట్లతో. ఎలక్టోరల్ కాలేజ్ (ఎలక్టర్ల వ్యవస్థ) లేకుండా, ప్రతి ఓటునూ నేరుగా లెక్కించే దేశాల్లో కూడా చిన్న తేడాలు ఎంత పెద్ద పరిణామాలకు దారితీస్తాయో పోల్చి చూపే అవకాశం ఇక్కడ ఉంది. ప్రస్తుతం ఆ పుటల్లో అంకెలు తప్ప వ్యాఖ్యానం లేదు.

అమెరికా ఎన్నికల వ్యవస్థ కొంత తెలిసి, దాన్ని ఇతరులకు బోధించేవారికి ఈ సేవను నేను సిఫారసు చేస్తాను. ఆధిక్య పటాలు, 2000, 1916 పుటలు చందాకు తగిన విలువ ఇస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు మాత్రం మార్పిడి పరికరం జోలికి మొదటే వెళ్లకుండా, ఆధిక్య పటాలతో ఆరంభించి, ఎలక్టర్ల ఎంపిక, రీకౌంటింగ్ గడువుల గురించి వేరే చోట చదువుకున్నాకే స్లైడర్‌ను ముట్టుకోవడం మంచిది. నేను చందాను మరో ఏడాదికి పొడిగించాను. 1876 పాఠానికి మాత్రం ఆ మూడు రాష్ట్రాలపై గళ్ల గీతలు గీసి, పక్కన కమిషన్ 8-7 ఓటింగ్ పట్టికను చేర్చి, నా సొంత పటాన్నే వాడుతున్నాను. ఒక ప్రతిని సేవవారికి కూడా పంపించాను.